తిప్పుకునే చోటు

రాజమండ్రి షెడ్డులో రాత్రి పదింటికి
జనరేటర్ ట్రాలీ మెడని నా బొలెరో వెనక తగిలించి
పిన్ను వేసి, పిన్నుకి క్లిప్పు వేసి,
క్లిప్పు మీద నమ్మకం చాలక
ఇనప గొలుసు కూడా చుట్టాను.
రెండున్నర టన్నులు.
బండి వెనక్కి కూలబడింది,
హెడ్‌లైట్లు రోడ్డు మానేసి
కొబ్బరి మట్టల్ని చూడ్డం మొదలెట్టాయి.

మొగల్తూరు అవతల, పేరుపాలెం దారిలో చెరువులు.
సాయంత్రం గాలికి స్తంభాలు పడ్డాయి,
ఏరియేటర్లు ఆగిపోయాయి.
"నీళ్లలో ఊపిరి అయిపోతోంది నూకరాజూ, తొందరగా రా"
అన్నాడు ఫోన్లో యర్రంశెట్టి వీరభద్రం.
తొందర ఆయనది. బరువు నాది.
ఈ రెండిటికీ ఎప్పుడూ పడదు.

జొన్నాడ దాకా బాగానే ఉంది.
గౌతమి వంతెన మీద పక్కగాలి కొట్టింది,
ట్రాలీ తోకాడించింది.
బ్రేకు మీదికి పోయిన కాలుని తిట్టుకున్నాను.
లాగేవాడు గబుక్కున ఆగకూడదు,
నేనాగినా వెనకున్నది ఆగదు,
నన్ను తోసుకుంటూ గోదాట్లోకి పోతుంది.
కాలు మెల్లిగా ఎత్తి
నిండు పాలగిన్నె పట్టుకున్నట్టు
స్టీరింగు పట్టుకున్నాను.
కింద చీకట్లో నది ఉందని తెలుసు.
చూళ్లేదు.

రావులపాలెంలో ఫోను.
సిద్ధాంతం వంతెన ఎక్కుతుంటే ఫోను.
"ఎక్కడున్నావ్?"
వశిష్ట మీదున్నానండి.
"పైకి తేలుతున్నాయిరా."
మూడో గేరు. అంతే, అంతకన్నా లేదు.

మార్టేరులో స్పీడు బ్రేకర్లు,
ఒక్కోదానికీ మూడు దెబ్బలు.
ముందు చక్రాలు, వెనక చక్రాలు,
తర్వాత ఒక చిన్న ఖాళీ,
ఆపైన ట్రాలీ.
నా భయమంతా ఆ ఖాళీలో ఉంటుంది.

పాలకొల్లు దగ్గర వేడి ముల్లు ఎర్రగీతని ముట్టుకుంది.
అద్దాలు దించి, లోపల హీటరు వేసి
ఇంజను మీది వేడి కొంత నా మీదికి తెచ్చుకున్నాను.
చొక్కా తడిసి సీటుకి అంటుకుపోయింది.
ముల్లు ఒక్క నూలు దిగింది.

నరసాపురం దాటి, మొగల్తూరు దాటి
తారు అయిపోయి గట్టు వచ్చింది.
ఇటు కాలవ, అటు చెరువు.
ఒంటిగంటన్నరకి మళ్లీ ఫోను,
ఈసారి ఆయన గొంతులో తొందర లేదు.
"ఇంక వద్దులే. పట్టుబడి పెట్టేశాం.
వెనక్కి తిప్పేసుకో."

తిప్పేసుకో.
లుంగీ తిప్పి కట్టుకోమన్నట్టు చెప్పాడు.
వెనకాల ట్రాలీ ఉంటే
అది ఎడంపక్కకి పోవాలంటే నువ్వు కుడికి తిప్పాలి,
మనసొకవైపు, చెయ్యొకవైపు.
పన్నెండడుగుల గట్టు మీద ఆ విద్య పనికిరాదు.
ఈ చుట్టుపక్కల చోటంటూ ఉన్నది ఒక్కటే,
మేత లారీలు తిరగడానికి
ఆయన చెరువు దగ్గర రాళ్లు పోయించిన చోటు.
రావద్దన్న చోటికి పోతేగాని
నేను వెనక్కి రాలేను.

పోయాను. రెండో గేర్లో, నాలుగు కిలోమీటర్లు.

టార్చిలైట్లు పళ్ల మధ్య కరుచుకుని
జనం వల లాగుతున్నారు.
ఐసు బండి ఇంకా రాలేదు.
కాళ్ల మీద బురద ఆరి తెల్లబడి
వీరభద్రం గొంతుక్కూర్చుని ఉన్నాడు.
"రావద్దన్నానుగా."
తిప్పుకోడానికండి, అన్నాను.

తిప్పుకోలేదు.
చక్రాలకి రాళ్లు పెట్టి, గొలుసు విప్పి, పిన్ను లాగాను.
తాళం తిప్పితే జనరేటర్
దగ్గింది, దగ్గింది, అందుకుంది.
దీపాలు ఒక్కసారే వెలిగేసరికి
అందరూ కళ్లు మూసుకున్నారు.
తెరిచాక తెలిసింది ఎన్ని పోయాయో.
ఆ వెలుగుని ఎవరూ మెచ్చుకోలేదు.
తలకి తువ్వాలు చుట్టుకున్న ఒకావిడ మాత్రం
"లైటు కాస్త ఇటు జరపండి,
బతికున్నవి ఏరాలి" అంది.
జరిపాను.

బాడుగ ఊసు ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.
ట్రాలీ అక్కడే వదిలి
ఖాళీ బండితో తెల్లారగట్ల బయల్దేరాను.
హెడ్‌లైట్లు మళ్లీ రోడ్డు మీదికి దిగాయి.
అద్దంలో వెనక ఏమీ లేదు,
అయినా చూస్తూనే ఉన్నాను.

మార్టేరులో మొదటి స్పీడు బ్రేకరు.
ముందు చక్రాలు, వెనక చక్రాలు.
ఊపిరి బిగబట్టి
మూడోదాని కోసం ఆగాను.